మూడో పిలుపు దాకా

అనంతపురంలో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే చిన్న అంగడి నాది. పాటలంటే పిచ్చి ఉన్నవాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి, "అన్నా, మంచి హెడ్‌ఫోన్లు తీసుకోవల్లనుకుంటాండా, ఏవి బాగుంటాయి?" అని అడుగుతారు. బదులు చెప్పేముందు నేను వాళ్ళను ఒకటి అడుగుతాను. "ఇంట్లో ఎవరెవరుండారు?" అని. వాళ్ళు నన్ను ఎగాదిగా చూస్తారు. చెవులకు తగిలించుకునే వస్తువుకూ ఇంట్లో మనుషులకూ ఏం సంబంధం? ఒకాయన నా మొహం మీదే అనేశాడు, "ఏమన్నా, సంబంధం గాని చూస్తాండావా?" అని. నాకు ఒళ్ళు మండింది. "సంబంధం కుదరకపోతే ఇంకోటి చూసుకోవచ్చప్పా, ఇదట్ల కాదు" అన్నాను. ఆయన నవ్వుకుంటూ పక్కంగడికి పోయాడు. పోతే పోనీ. ఆ ప్రశ్న అడక్కుండా ఆ సరుకు గురించి నోరు తెరవకూడదని నేను ఒట్టు పెట్టుకున్నాను.

మా ఇల్లు రాప్తాడులో, పెద్దరోడ్డుకు రెండు సందులు లోపల. ఇంట్లో ఉండేది ఇద్దరమే, నేనూ మా అక్కా. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. నేను నడక నేర్చేలోపే అమ్మ పోయింది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాయన పోయాడు. నాకు తలంటి పోసిందీ, అన్నం పెట్టిందీ, వీపు చిట్లగొట్టిందీ అంతా అక్కే. ఆమెకు ఇరవయ్యేళ్ళప్పుడు తెలిసింది, గుండెలో ఒక కవాటం సరిగ్గా మూసుకోదని. చిన్నప్పుడు కీళ్ళనొప్పులతో వచ్చిన జ్వరం పోతూ పోతూ గుండెను పట్టుకుందని పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు. ఎవరైనా పెళ్ళిమాట ఎత్తితే, "రిపేరు బండి, దీన్ని ఎవరు తోల్తారప్పా" అని ఆమే నవ్వేసేది. ఆ నవ్వు చూసి ఇంకెవరూ ఆ మాట ఎత్తేవాళ్ళు కాదు. నేనూ పెళ్ళి చేసుకోలేదు. అది వేరే సంగతి, దానికి అక్క నన్ను తిట్టని రోజు లేదు.

మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా పిలిస్తే మూడుసార్లు పిలవాలి. పలికేవాళ్ళు మూడో పిలుపుకే పలకాలి.

ఇది మేం కనిపెట్టింది కాదు. నా చిన్నతనంలో కరువు ముదిరినప్పుడల్లా ఒక పుకారు లేచేది. ఒక దయ్యం సందుల్లో తిరుగుతూ, మనవాళ్ళ గొంతు పెట్టుకుని పేరు పెట్టి పిలుస్తుందట. పలికితే అంతే సంగతులు. అందుకని ప్రతి ఇంటి తలుపు మీదా "రేపు రా" అని రాసేవాళ్ళు. అది వచ్చి, చదువుకుని, సరే రేపు వద్దామని వెళ్ళిపోతుందట. మళ్ళీ రేపు వచ్చి చదువుకుంటుంది. దయ్యానికి చదువొచ్చు గాని బుద్ధి లేదన్నమాట. పైన కుందుర్పి పక్క కన్నడం మాట్లాడేవాళ్ళు "నాళె బా" అని రాసేవాళ్ళు, అంటే దానికి రెండు భాషలూ వచ్చు. కొన్నాళ్ళకు పుకారు చచ్చేది, జనం మరిచేవాళ్ళు. మా అక్క మరవలేదు. ప్రతి ఉగాదికీ గోడలకు సున్నం కొట్టించినప్పుడు ఎర్రమన్ను కలిపి, తలుపు మీద ఆ రెండు మాటలూ కొత్తగా దిద్దేది. "మొదటి పిలుపు దయ్యానిది, రెండోది అనుమానానిది, మూడోది మనిషిది" అని నాకు అక్షరాలకంటే ముందు నేర్పింది.

నాకు ఏడేళ్ళప్పుడు ఒకసారి సందులోంచి ఎవరో "అబ్బీ" అని పిలిస్తే, ఒక్క పిలుపుకే "ఆఁ" అని పలికాను. పిలిచింది పక్కింటి చిన్నమ్మే, చేట అడగడానికి. అయినా అక్క నన్ను రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోయి చెంప పగలగొట్టింది. కొట్టి, నన్ను వాటేసుకుని తనే ఏడ్చింది. "నాకుండే తమ్ముడివి నువ్వు ఒక్కడివే గదరా, తొందరపడి పలుకుతావా?" అంటూ ఉప్పు తెచ్చి నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఆ ఉప్పు చిటపటలాడింది. ఆ రోజు నుంచి మొదటి పిలుపుకు నా నాలుక లేవదు. బుర్ర ఏమి చెప్పినా సరే, నాలుక మూడు లెక్కపెట్టుకునేది. పెద్దయ్యాక ఆ దయ్యాన్ని నమ్మానా అంటే, నమ్మలేదు. కానీ వేళ్ళు వాటంతటవే ముడుచుకునేవి, ఒకటి, రెండు అని.

పని నేర్చుకున్నాక నాకు పాటల పిచ్చి పట్టింది. వీణ, నాదస్వరం, మృదంగం, ఏది దొరికితే అది. పగలంతా జనం పాడుచేసిన యంత్రాల గొంతులు సరిచేసి సరిచేసి, ఆదివారం ఒక్కరోజైనా సరైన గొంతు వినాలని ఉండేది. అంగడికి సెలవు, మధ్యాహ్నం తిని టేప్‌డెక్కు ముందు కూర్చునేవాణ్ణి. తొంభైల చివరి ఆ ఏళ్ళలో మా పక్క ఎక్కడ చూసినా బోరు లారీలే. నీళ్ళకు కరువు గాని వాటి మోతకు కరువు లేదు. నేలను వెయ్యి అడుగులు తొలిచి దుమ్ము పైకి తెచ్చేవాళ్ళు. ఆ మోతకు తోడు పెద్దరోడ్డు మీద లారీల హారన్లు. అందుకని గట్టి మూతలతో, చెవిని పూర్తిగా కప్పేసే హెడ్‌ఫోన్లు కొన్నాను. పెట్టుకుంటే బావిలోకి దిగినట్టే. పైలోకం ఉండదు.

ఒక ఆదివారం ఆ బావిలో ఉండగా నా తలమీద నుంచి హెడ్‌ఫోన్లను ఎవరో ఊడబెరికారు. తిరిగి చూస్తే పక్కింటి చిన్నమ్మ. మొహం ఎర్రగా ఉంది. "ఏమప్పా, చెవుల్లో సీసం పోసుకున్యావా? ఆడ మీ అక్క కూలబడి ఉండాది, చూడు పో!" నేను పరిగెత్తాను. అక్క దొడ్లో తొట్టి పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. బిందె పక్కన ఒరిగి నీళ్ళన్నీ పోయాయి. పెదవులు నల్లబడి, ఊపిరి ఎగరేసి ఎగరేసి తీసుకుంటోంది. ఆ రోజు మాత్రలు వేసి, వీపు నిమిరి, గండం గడిపాం. తేరుకున్నాక ఆమె నన్ను ఒక్క మాట తిట్టలేదు. "మూడుసార్లు పిలిస్తి. ఇంగా మూడుసార్లు పిలిస్తి. మళ్ళ పిలిచేదానికి శాత గాక కూచుంటి" అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

నేను ఆ హెడ్‌ఫోన్లను పెట్టెలో పడేసి పాటలు మానేశాను. పెద్ద త్యాగం చేస్తున్నట్టు మొహం పెట్టుకుని తిరిగేవాణ్ణి. స్పీకర్లు పెట్టుకోవచ్చు కదా అంటారు. వాటి మోతలో అక్క పిలుపు అసలే వినబడదు, పైగా గట్టి చప్పుడికి ఆమెకు గుండె దడ. బయటి చప్పుడు వినబడే పాత స్పంజి హెడ్‌ఫోన్లు తగిలించి చూశాను. ఆమె పిలవగానే నేను లేచి ఉరికితే, వైరు పట్టుకుని టేప్‌డెక్కు కూడా నా వెనకే ఉరికి కిందపడింది. మూత పగిలింది. అక్క ఆయాసపడుతూనే నవ్వింది. కొన్ని నెలలు చూసి చూసి ఒకరోజు ఆమే అంది:

"ఆదివారమొస్తే ఇంట్లో పులి మాదిరి తిరగతాండావు, నాకే భయమైతాండాది. ఏందో ఒకటి తెచ్చుకోని చెవులకు పెట్టుకో పోరా. నువ్వు పాట వినకుంటే ఇల్లు ఇల్లు మాదిరి లేదు."

అప్పుడు మొదలైంది నా వెతుకులాట. పాట పాటలాగే వినబడాలి, అందులో రాజీ పడే రకం కాదు నేను. పాట వినబడుతుండగానే అక్క పిలుపూ వినబడాలి. పిలవగానే లేచి పోవాలంటే వైరు ఉండకూడదు. అనంతపురంలో అడిగితే, "ఆకాశంలో చందమామ గూడా కావల్లనా?" అన్నారు. రెండు నెలలకొకసారి విడిభాగాల కోసం బెంగళూరు పోయేవాణ్ణి. అక్కడ ఇరుకు సందులో ఒక సాయిబు అంగడి. ముసలాయన, తెల్లగడ్డం, మన తెలుగూ వాళ్ళ కన్నడమూ కలిపి మాట్లాడేవాడు. ఆయన దగ్గర విదేశీ సరుకు దొరికేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో ఒకసారి పోయి నాకేం కావాలో చెప్పాను. ఆయన మూడు పెట్టెలు తీసి బల్లమీద పెట్టాడు.

ఒకటి టీవీ రిమోట్ మాదిరి కనపడని వెలుతురుతో పనిచేసేది. టేపు దగ్గర పెట్టిన డబ్బాకూ నా తలకూ మధ్య ఎవరైనా నడిస్తే చాలు, పాట తెగిపోతుంది. వద్దన్నాను. రెండోది రేడియో అలలతో పనిచేసేది, గోడ అడ్డమున్నా వినబడుతుంది, కానీ చెవి డిప్పలు గట్టిగా మూసి ఉన్నాయి. మళ్ళీ అదే బావి. మూడోదీ రేడియోదే. దానికి డిప్పల వెనక మూత లేదు. సన్నటి జాలీ ఉంది, దీపానికి ఎత్తి పట్టుకుంటే వెలుతురు కనబడుతోంది.

"ఇదొద్దు సామీ," అన్నాడు సాయిబు. "వెనక తెరిచుండాది. బయట సద్దు లోపలికొస్తాది, లోపలి సద్దు బయటికి పోతాది. దోషం ఇది."

"నాకు ఆ దోషమే కావాల భాయ్" అన్నాను.

నా క్యాసెట్టు నేనే తీసుకుపోయాను. నాదస్వరం, వెనక డోలు. మూసిన దానిలో వింటే డోలు దరువు కడుపులో దిగుతుంది, కానీ మేళమంతా నా తలకాయలోకి దూరి ఇరుక్కుని వాయిస్తున్నట్టు ఉంటుంది. తెరిచినదాన్ని పెట్టుకున్నాను. నాదస్వరం తలలోంచి బయటికొచ్చి ఎదురుగా కూర్చుంది. డోలు ఒక అడుగు వెనక, కుడిపక్క. మధ్యలో గాలి. దరువు బరువు కాస్త తగ్గిన మాట నిజమే, అలల మీద వచ్చేటప్పుడు ఇసుక జారినట్టు సన్నటి చప్పుడు ఒకటి తోడొస్తుంది, అదీ నిజమే. నిక్కచ్చిగా నాణ్యమే కావాలంటే వైరున్నదే మేలు. అవన్నీ తెలిసీ నేను కళ్ళు మూసుకుని నిలబడిపోయాను. సాయిబు నా భుజం తట్టి "చాయ్" అంటే, ఆ జాలీలోంచి ఆయన గొంతు పక్కనే ఉన్న మనిషి గొంతులా వచ్చింది.

ఒక సంగతి ఇక్కడే ఒప్పుకోవాలి. ఆ క్షణంలో నాకు అక్క గుర్తుకు రాలేదు. అక్క కోసమే కొన్నానని ఊరంతా చెప్పుకున్నాను. కొన్నది ఆ నాదస్వరం కోసం.

ఇంటికి తెచ్చి పరీక్ష పెట్టాం. నేను లోపలి గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని పాట వింటూ గోడవైపు తిరిగి కూర్చోవాలి. అక్క ఒకసారి వంటింట్లోంచి, ఒకసారి పంచలోంచి, ఒకసారి దొడ్లోంచి పిలవాలి. వినబడితే నేను చెయ్యెత్తాలి. పక్కింటి చిన్నమ్మ గడపలో నిలబడి పంచాయతీ. అక్క వంటింట్లోంచి "అబ్బీ" అంది. నేను గబుక్కున చెయ్యెత్తాను.

"దించు చెయ్యి!" అని అరిచింది. "మొదటిదానికే ఎత్తుతావా? మూడోదానికి ఎత్తల్ల."

"ఇది వినబడతాదో లేదో చూసేదానికి గదక్కా. దయ్యానికి కాదు."

"పరీక్షైతే మాత్రం? అలవాటు తప్పితే తప్పినట్లే. మూడు పిలిచినాకే ఎత్తు."

చిన్నమ్మ కూడా తల ఊపింది. ఇద్దరు ఆడవాళ్ళతో వాదించి గెలిచినవాడు రాప్తాడులో ఇంకా పుట్టలేదు. అట్లే చేశాను. వంటింట్లోంచి మూడు, చెయ్యెత్తాను. పంచలోంచి మూడు, చెయ్యెత్తాను. దొడ్లోంచి మూడు. ప్రతిదీ వినబడింది, మొదటిది కూడా స్పష్టంగా. అయినా నేను ఒకటి, రెండు అని వేళ్ళు ముడిచి, మూడోదానికి ఎత్తాను. "ఇప్పుడు పాసైనావు" అంది అక్క. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ మధ్యాహ్నం అక్క రాగిముద్ద చేసి, పచ్చిశనక్కాయల పచ్చడి, మా పక్క ఊరుబిండి అంటారు, అది నూరింది. నాకు దాని రుచి కూడా గుర్తుంది.

తర్వాత మూడేళ్ళు మంచి ఆదివారాలు. అక్క పంచలో కూర్చుని ఊళ్ళో రైతుల విత్తనం శనక్కాయలు ఒలిచేది. మిషన్లో వేస్తే గింజ పప్పు బద్దలవుతుంది, పొర లేస్తుంది, మొలవదు. అందుకని విత్తనానికి చేత్తోనే ఒలవాలి. బరువు పని కాదు, కూర్చుని చేసేది, వద్దన్నా వినేది కాదు. ఆమె వేళ్ళ మధ్య కాయ చిట్లే చప్పుడు జాలీలోంచి వచ్చి పాటలో కలిసేది. టప్ మని ఒకటి, చేటలో గింజలు రాలడం, మళ్ళీ టప్. మొదట్లో చిరాకు పడ్డాను. నెమ్మదిగా అది లేకపోతే పాటకు ఏదో తక్కువైనట్టు అనిపించసాగింది. ఆ టప్ వినబడినంతసేపూ నాకు ధైర్యం. నేను పాట మధ్యలో తల తిప్పి చూడనక్కరలేదు.

ఒకరోజు వీణ మధ్యలో ఒక ఆడగొంతు, "ఇనపడతాండాదా? యాడుండావు?" అంది. అక్కే అనుకున్నాను. హెడ్‌ఫోన్లు తీసి చూస్తే అక్క తలవంచుకుని కాయలు ఒలుస్తోంది. మళ్ళీ పెట్టుకుంటే మళ్ళీ ఆ గొంతు, ఎవరితోనో బియ్యం సంగతి మాట్లాడుతోంది. ఊళ్ళో ఎవరో వైరులేని ఫోను పెట్టించుకున్నారు, దాని అలలు దారితప్పి నా డిప్పల్లో దూరాయి. తిప్పే చక్రం కొంచెం జరిపితే పోయింది. అక్కకు చెబితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత కళ్ళెగరేసి, "చూసినావా, దయ్యం గూడా వైరు లేకుండా వస్తాండాది. ఇప్పుడైనా నా మాట నమ్ము. మూడు లెక్కపెట్టుకో" అంది.

ఆ మూడేళ్ళూ నిండిన ఏడు, తొలకరి ముందు. రెండు రోజులుగా మబ్బు పట్టి, వాన మాత్రం రాలేదు. విత్తనానికి అందరికీ తొందర, అక్క ముందు రెండు మూటలు. నేను లోపల మృదంగం వింటున్నాను. తని, అంటే మిగతావాళ్ళంతా ఆగి మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం. చివర్లో తీర్మానం వస్తుంది, ఒకే దరువు మూడుసార్లు వాయించి ముగిస్తారు. మూడోది పడితేగాని చెవికి శాంతి ఉండదు.

పంచలో టప్ టప్ అంటున్నది ఆగింది. నాకు తెలిసింది. నీళ్ళు తాగుతోందనుకున్నాను.

"అబ్బీ."

వినబడింది. సాయిబు గొంతు వినబడినంత దగ్గరగా. నా బొటనవేలు చూపుడువేలి మీదికి పోయింది. ఒకటి.

"అబ్..."

రెండు. చేట జారిన చప్పుడు, గింజలు గచ్చు మీద దొర్లిన చప్పుడు. అవీ విన్నాను. మధ్యవేలు ముడుచుకుంది. నేను మూడోదాని కోసం ఆగాను.

ఎంతసేపు ఆగానో నాకు బాగా తెలుసు. తీర్మానం మొదటి దరువు పూర్తయింది, రెండోది పూర్తయింది, మూడోది కూడా పడింది. మృదంగం ఆగి, ఎక్కడో ఏ ఊళ్ళోనో కూర్చున్న జనం చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. ఆ చప్పట్లలో నా వేలు ఇంకా అట్లాగే ముడుచుకుని ఉంది. అప్పుడు లేచాను.

అక్క మూటకు ఒరిగి కూర్చుని ఉంది. ఒడినిండా కాయలు. కళ్ళు నేను వచ్చే ద్వారం వైపే ఉన్నాయి. నేను "అక్కా" అన్నాను. మళ్ళీ అన్నాను. మూడోసారీ అన్నాను. పక్కింటి చిన్నమ్మా, నేనూ ఆటోలో ఎక్కించుకుని అనంతపురం పోయాం. పెద్దాసుపత్రిలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, దుప్పటి కప్పాడు. "ఇంకొంచెం ముందొచ్చుంటే?" అని అడిగాను. "ముందొచ్చినా ఇంతేనప్పా, కవాటం పూర్తిగా పోయింది" అన్నాడు. మంచివాడు. నేను ఆయన మాట నమ్మలేదు. ముందు పోయి ఉంటే బతికేదని కాదు. ముందు పోయి ఉంటే ఆమె ఆ ద్వారం వైపు చూస్తూ ఒంటరిగా ఉండేది కాదు. తల నా ఒళ్ళో ఉండేది.

దినం అయిపోయాక చిన్నమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకపోతే చచ్చిపోతాననిపించింది. ఆమె అంతా విని, నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి అంది:

"రెండు పిలుపులేనా? అయితే అది మీ అక్క కాదబ్బీ. మీ అక్కయితే మూడు పిలిచేది, ఆమె సంగతి నాకు తెలీదా? ఆమెను తీసకపోయేదానికి వచ్చినది యాదో, ఆమె గొంతు పెట్టుకోని నిన్ను గూడా పిలిచింది. పలక్కుండా మంచి పని చేసినావు. లేకుంటే నువ్వూ పోయుందువు."

ప్రేమతోనే అంది. నాకు ఆమెను చేటతో కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఇంకా సిగ్గైన సంగతి చెబుతాను, కొన్నాళ్ళు ఆ మాటనే పట్టుకుని వేలాడాను. అవును, అక్కయితే మూడు పిలిచేది. అది అక్క కాదు. వైరులేని ఫోనులో ఎవరో ఎవరినో పిలిచి ఉంటారు. నన్ను కాదు. అట్లా అనుకుంటే కాస్త నిద్ర పట్టేది. కానీ నాది మెకానిక్కు చెవి, నన్ను నేను మోసం చేసుకోనివ్వదు. ఏ చప్పుడు యంత్రం లోపలిదో, ఏది బయటిదో పోల్చుకోవడమే నా కూడు. ఆ పిలుపు డిప్పలోంచి రాలేదు, జాలీలోంచి వచ్చింది. దాని వెనక పంచలోని గచ్చు ఉంది, జారిన చేట ఉంది. రెండో పిలుపు మధ్యలో తెగిన ఊపిరి ఉంది. మూడోది పిలవడానికి ఆమెకు ఊపిరి లేదు. నియమం తనే పెట్టింది, తనే పాటించలేకపోయింది. నేను మాత్రం బుద్ధిమంతుడిలా పాటించాను.

ఆ మూసిన హెడ్‌ఫోన్లే ఉండి ఉంటే, అని చాలాసార్లు అనుకుంటాను. అప్పుడు నాకేమీ వినబడేది కాదు. వినబడలేదు, ఏం చేసేది అనుకుని ఏడ్చేవాణ్ణి. ఊరంతా తిరిగి, ఎంచి ఎంచి, ఆమె పిలుపు వినబడే వస్తువునే తెచ్చుకున్నాను. అది తన పని అది చేసింది.

మరుసటి ఏడు ఉగాదికి సున్నం కొట్టేవాళ్ళను పిలిచాను. గోడలన్నీ అయ్యాక వాళ్ళు తలుపు దగ్గర ఆగారు. అక్క చేతిరాతతో "రేపు రా" అని ఎర్రగా ఇంకా అక్కడే ఉంది, ఎండకు కొంచెం వెలిసింది. "దీన్ని మళ్ళ రాపించుకుంటావా అన్నా?" అని అడిగారు. నేను గోనెపట్టా తడిపి తెచ్చి నా చేత్తోనే తుడవడం మొదలుపెట్టాను. ఆమె రాత చెరుపుతుంటే ఏడుపాగలేదు. అయినా తుడిచాను. చిన్నమ్మ చూసి గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"ఏమప్పా, నీకు మతుండాదా? రాత లేకుంటే అది నేరుగా లోపలికొస్తాది!"

"రానీ చిన్నమ్మా."

"వచ్చి మీ అక్క గొంతుతో పిలుస్తాదిరా!"

"పిలవనీ" అన్నాను. ఆమె నా మొహం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు సెల్‌ఫోన్లలో పాటలొచ్చాయి. చెవి రంధ్రంలో బిరడా మాదిరి దూర్చుకునేవి అంగట్లో నేనూ అమ్ముతున్నాను. నా హెడ్‌ఫోన్ల స్పంజి పొడైపోతే రెండుసార్లు మార్చాను. ఆదివారం మధ్యాహ్నం వాటిని పెట్టుకుని కూర్చుంటాను. మృదంగం క్యాసెట్టు మళ్ళీ పెట్టలేదు. చాలాసార్లు ఏ క్యాసెట్టూ పెట్టను. అలలు పంపే డబ్బాకు కరెంటిచ్చి వదిలేస్తాను, ఆ ఇసుక జారే చప్పుడు ఒకటే వస్తుంటుంది. జాలీలోంచి సందు లోపలికొస్తుంది. లారీలు, కోళ్ళు, ఎవరిదో బిందె. పంచలో ఏ చప్పుడూ ఉండదు.

తలుపు తెరిచే ఉంచుతాను. "అబ్బీ" అని ఎవరన్నా పిలవగానే, మొదటి పిలుపుకే, "ఆఁ, వస్తాండా అక్కా" అని గట్టిగా పలికి పంచలోకి ఉరుకుతాను. చాలాసార్లు ఎవరో వాళ్ళ పిల్లవాణ్ణి అన్నానికి పిలుస్తుంటారు.